పాయింట్ గార్డ్ లేకపోతే కోచ్ ఎవరిని దింపుతాడు?

బాస్కెట్‌బాల్‌లో బంతిని 8 సెకన్లలో మధ్యగీత దాటించాలి, 24 సెకన్లలో బుట్టకేసి విసరాలి. ఆ హడావిడిలో ఆటను నడిపేవాడు పాయింట్ గార్డ్. అతనికే దెబ్బ తగిలితే?

2016 ఏప్రిల్‌లో అమెరికా జట్టు గోల్డెన్ స్టేట్ వారియర్స్‌కు అదే జరిగింది. హ్యూస్టన్ జట్టుతో ఆడుతూ వారి పాయింట్ గార్డ్ స్టెఫెన్ కరీ జారిపడ్డాడు, కుడి మోకాలు బెణికింది. దూరం నుంచి బంతి వేయడంలో అతనికి సాటి లేదు. అలాంటివాడు ఇంకొకడు దొరకడని కోచ్ స్టీవ్ కెర్‌కు తెలుసు. అందుకే అతను వెతికింది ఇంకో కరీని కాదు, బంతిని పోగొట్టుకోకుండా నడిపేవాణ్ణి. బెంచీ మీది షాన్ లివింగ్‌స్టన్‌ను మొదటి ఐదుగురిలోకి తెచ్చాడు.

లివింగ్‌స్టన్ దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్ల జోలికి పెద్దగా పోయేవాడు కాదు. కానీ ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలు! పొట్టి గార్డ్ అడ్డొస్తే వీపు ఆనించి, గిర్రున తిరిగి, వాడి తల మీదుగా బంతి వేసేసేవాడు. మిగతా పని అందరూ పంచుకున్నారు. ఆ సీజన్‌లో జట్టులో ఎక్కువ అసిస్టులు (బుట్టకు దారితీసే పాసులు) ఇచ్చింది నిజానికి కరీ కాదు, ఫార్వర్డ్ డ్రేమండ్ గ్రీన్. దూరపు షాట్ల భారం క్లే థాంప్సన్‌ది.

ఇందులో చిక్కూ ఉంది. లివింగ్‌స్టన్ ముందుకొస్తే బెంచీ బలహీనపడుతుంది. నా దృష్టిలో కోచ్‌కు అసలు పరీక్ష అదే. అయినా ఆ మోకాలి దెబ్బతో కరీ ఆడని 4 ఆటల్లో వారియర్స్ 3 గెలిచారు.