చొప్పదండి బాలికలు – సైనిక నర్సు పదవి

కరీంనగరమునకు ఉత్తరముగా నున్న చొప్పదండి మండలమున, ఇంటర్మీడియేటులో జీవశాస్త్రము చదువుచున్న బాలికను ముందేమి చేయుదువని అడిగినచో డాక్టరగుదునని చెప్పును. కాదేని నర్సగుదునని చెప్పును. ఆ రెండవ మాట చెప్పునప్పుడు కంఠము కొంచెము దిగును. డాక్టరు సీటు రానివారికి మిగిలినదే నర్సుపని యను భావము మన యిండ్లలో నింకను పోలేదు. భారత సైన్యమున నర్సు ఒకరి చేతిక్రింది పనిమనిషి కాదు, కమిషను పొందిన యధికారి యను సంగతి యట్టి యిండ్లకు తెలియవలసి యున్నది. ఆమె లెఫ్టినెంటుగా ప్రవేశించి మేజర్ జనరలు వరకు పోవచ్చును. మన సాయుధదళములలో నా హోదాను మొట్టమొదట నందిన స్త్రీ జి. ఏ. రామ్, అది 1976 ఆగస్టు 27వ తేదీ. ఆమె నర్సే.

ఈ సేవ మన దేశమున మనకొరకు పుట్టినది కాదు. 1888లో పదిమంది ఆంగ్ల నర్సులు బొంబాయి రేవున దిగిరి. వారిని రప్పించినది తెల్లసిపాయిల శుశ్రూషకొరకే. 1926లో భారత సైనిక నర్సుల సేవ శాశ్వతశాఖగా నేర్పడినది. 1943 నాటి ఆర్డినెన్సు వారికి అధికారి హోదా నిచ్చినది. పరప్రభుత్వము యుద్ధావసరమునకై చేసిన యా శాసనమే నేటికిని ఈ సేవకు పునాదిగా నుండుట గమనింపదగినది.

ఇక ప్రవేశమార్గముల మాట. మొదటిది ఇంటర్మీడియేటు తరువాత నాలుగేండ్ల బి.యస్‌సి. నర్సింగు. పుణె, కోల్‌కతా, ముంబయి, ఢిల్లీ, లక్నో, బెంగుళూరు నగరములలోని ఆరు సైనిక కళాశాలలలో ఇటీవలి ప్రకటనల ప్రకారము మొత్తము 220 స్థానములు గలవు. సికిందరాబాదులో సైనిక వైద్యశాలయు, విశాఖపట్టణమున నౌకాదళమువారి కల్యాణి వైద్యశాలయు నున్నను, ఆ యారింటిలో నొక్కటియు తెలుగునేలపై లేదు. బాలిక యెటులైన దూరదేశము పోవలసినదే. కాని చదువునకై తండ్రి పొలము తాకట్టు పెట్టనక్కరలేదు. భోజనవసతులు ప్రభుత్వమువే, నెలనెలకు కొంత భృతియు నిత్తురు. దానికి బదులుగా చదువు ముగిసిన పిమ్మట సైన్యమున పనిచేయుదునని ఒప్పందము వ్రాసి యీయవలెను.

వయస్సు సుమారు 17 మొదలు 25 వరకు. భౌతిక, రసాయన, జీవశాస్త్రములతో, ఆంగ్లముతో, నూటికి ఏబదికి తక్కువకాని మార్కులతో ఇంటర్మీడియేటు ఉత్తీర్ణురాలు కావలెను. అదియు మొదటి ప్రయత్నముననే, క్రమవిద్యార్థినిగానే. పరీక్షవేళ జ్వరము వచ్చియో, ఇంట పత్తితీతకు చేతులు చాలకయో ఒక్క విషయమున తప్పి, సప్లిమెంటరీలో నెగ్గిన పిల్లకు ఈ వాకిలి మూతపడినట్లే. ఈ నిబంధన న్యాయమని మేము చెప్పజాలము; రోగి ప్రక్కన నిలువవలసిన గుణములను మొదటి ప్రయత్నమను కొలతతో కొలుచుట యెట్లు? అయినను నిబంధన మారువరకు మన యుపాధ్యాయులు దానిని ఇంటర్మీడియేటు మొదటి యేటనే పిల్లల చెవిని వేయవలసియున్నది. తరువాత చెప్పిన ప్రయోజనము లేదు.

2022 నుండి నీట్ పరీక్షలో అర్హత పొందుటయు తప్పనిసరియైనది. దాని ప్రశ్నపత్రము తెలుగునను లభించును. ఆ మార్కులనుబట్టి పిలువబడినవారికి సామాన్య ఆంగ్లము, సామాన్యబుద్ధి పరీక్షయు, మనస్తత్త్వపరీక్షయు, ముఖాముఖియు, పిదప వైద్యపరీక్షయు నుండును. తెలుగుమాధ్యమమున చదివిన పిల్ల తడబడునది ఆ యాంగ్లముకడనే. చొప్పదండిలోనే జవహర్ నవోదయ విద్యాలయము గలదు. ఆరవ తరగతినుండి ఆ ప్రహరీలోపల చదివిన బాలికకు ఆంగ్లము కొఱకరాని కొయ్య కాదు. ఆ ప్రహరీ వెలుపల, అదే యూర, అదే తెలివితో చదువుచున్న బాలికకు దినమున కొక గంట ఆంగ్లము చెప్పువారెవరు? ఊరి చదువుకొన్నవారు తలపెట్టినచో ఇది పెద్ద కార్యము కాదు.

మరియొక వాకిలి పెండ్లి. ఈ చదువునకు అవివాహితలనే చేర్చుకొందురు. విడాకులు పొందినవారికి, చట్టప్రకారము వేరైనవారికి, వితంతువులకు, సంతానభారము లేనియెడల, అవకాశము గలదు. ఇంటర్మీడియేటు కాగానే సంబంధములు వెదకు తల్లిదండ్రులు ఈ మాట గమనింతురు గాక. పూర్వము పెండ్లి ఉద్యోగమునే తినివేసెడిది. 1985లో కమిషను పొంది సికిందరాబాదు సైనిక వైద్యశాలలో నియుక్తురాలైన యొక లెఫ్టినెంటును, ఆమె యొక సైనికాధికారిని పెండ్లాడినందుకు, 1988లో తొలగించిరి. పెండ్లాడిన యా యధికారి ఉద్యోగమునకు మాత్రము భంగము లేదు! ఆ నియమమును 1995లో రద్దుచేసిరి. ఆమె మాత్రము న్యాయస్థానముల మెట్లెక్కుచునే యుండెను. ఆ తొలగింపు నిరంకుశమని నిర్ణయించి, అరువది లక్షల రూపాయలు పరిహార మిప్పించుచు సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది 2024 ఫిబ్రవరిలో. ముప్పదియైదు సంవత్సరములు!

రెండవ మార్గము, బయట నర్సింగు చదివినవారిది. బి.యస్‌సి. నర్సింగు పట్టముతో, రాష్ట్ర నర్సింగు కౌన్సిలులో పేరు నమోదైన స్త్రీలను షార్ట్ సర్వీసు కమిషనుకు తీసికొందురు. వయస్సు 21 మొదలు 35 వరకు. ఇచ్చట పెండ్లి అడ్డు కాదు. జి.యన్.యమ్. మాత్రము చదివినవారు పోస్టు బేసిక్ బి.యస్‌సి. ముగించి యీ దారిని పట్టవచ్చును. కరీంనగరము దవాఖానలలో రాత్రింబవళ్లు పనిచేయుచున్న యెందరో నర్సులకు ఈ వార్త చేరినట్లు లేదు.

బి.యస్‌సి. ప్రకటన సైన్యమువారి వెబ్‌సైటున నీట్ ఫలితముల తరువాత వెలువడును; గడువు కొలది దినములే. నీటుకు దరఖాస్తు నెలల ముందే ముగిసియుండును. కనుక ప్రకటన చూచి మేలుకొన్న బాలిక, నీట్ వ్రాసియుండనిచో, ఆ సంవత్సరమునకు వెనుకబడినదే. మరుసటి యేడు మరల వ్రాయవచ్చును, పెండ్లి ముహూర్తము ముందుగా రాకున్న.