ఉక్కు నగరంలో గాజు వెలుగులు

భిలాయిలో ఉద్యోగ విరమణ చేసిన గృహస్థు క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు ఇత్తడి బిందెలు, పట్టుచీరల పెట్టె, దేవుని పటాలు ముందుగా లారీ ఎక్కుతాయి. చిట్టచివరకు డ్రాయింగు రూములోని షోకేసు ముందు అందరూ తటపటాయిస్తూ నిలబడతారు. “దారిలో పగిలిపోతుంది, ఎవరికైనా ఇచ్చేద్దాం” అని ఎవరో ఒకరు అననే అంటారు. పాత సామాన్లు కొనేవానికి ఇనుమంటే ప్రీతి. గాజును అతడు తూకానికి కూడా ఎత్తడు. ఆ విధంగా ఒక తరం ముచ్చటపడి తెచ్చుకొన్న వస్తువు ఒక మధ్యాహ్నంలో చేతులు మారిపోతుంది. అదేమిటో తెలిసి ఇచ్చినవారు అరుదు.

ఈ ఊరికి స్ఫటికపు గాజు రావడానికి ప్రత్యేకమైన కారణమున్నది. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఉక్కు కర్మాగారం ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. సోవియట్ నిపుణులు ఈ ఊరిలో కాపురమున్నారు. మన ఇంజనీర్లు శిక్షణకై ఆ దేశం వెళ్ళి వచ్చారు. అక్కడి గృహాలలో, ముఖ్యంగా 1970, 80 దశకాలలో, గోడ పొడవునా అమర్చిన అద్దాల బీరువాలో చెక్కడపు గాజుపాత్రలను పేర్చుకోవడం హోదాకు గుర్తు. పెళ్ళిళ్ళకు, పుట్టిన రోజులకు అవే కానుకలు. కనుక భిలాయి షోకేసులో చెక్క బొమ్మ ప్రక్కన బరువైన పూలకూజా ఒకటి కనిపిస్తే అది ఎక్కడిదో ఊహించడం కష్టం కాదు.

రష్యాలో ఈ పరిశ్రమకు పెట్టింది పేరు వ్లదీమిర్ ప్రాంతంలోని గూస్ ఖ్రుస్తాల్నీ పట్టణం. 1756లో అకీమ్ మాల్త్సోవ్ అనే వర్తకుడు గూస్ నది ఒడ్డున అక్కడ గాజు కార్ఖానా పెట్టాడు. ఖ్రుస్తాల్ అంటే రష్యన్ భాషలో స్ఫటికం. ఊరు పేరులోనే సరుకున్నదన్న మాట. అక్కడి సెయింట్ జార్జి చర్చిలో 1983 నుండి గాజు ప్రదర్శనశాల నడుస్తున్నది.

ఉక్కు నగరవాసులు తెలుసుకోదగిన మరొక పేరు వేరా ముఖినా. 1937 పారిస్ ప్రదర్శన కోసం శ్రామికుని, రైతు స్త్రీని సుమారు 24 మీటర్ల ఎత్తున స్టెయిన్‌లెస్ స్టీలుతో నిలిపిన శిల్పి ఆమెయే. ఆమె గాజుతో కూడా శిల్పాలు చేశారు. 1940లో లెనిన్‌గ్రాడ్‌లో వెలసిన కళాత్మక గాజు కార్యశాలకు ఆమె ప్రోద్బలమున్నది. సోవియట్ భోజనశాలలన్నింటా కనిపించిన పలకల గ్లాసు కూడా ఆమె సృష్టి అని ప్రతీతి. దానికి గట్టి ఆధారం మాత్రం లేదు.

ఇక్కడ ఒక చిక్కు. మనం క్రిస్టల్ అని పిలిచే ఈ గాజు నిజానికి స్ఫటికం కాదు. పూజామందిరంలోని స్ఫటికలింగంలో అణువులు క్రమంగా బారులు తీరి ఉంటాయి. గాజులో ఆ క్రమం ఉండదు. 1674లో ఇంగ్లండులో జార్జి రావెన్స్‌క్రాఫ్ట్ సీసపు భస్మం కలిపిన గాజుకు పేటెంటు పొందాడు. సీసం చేరినందున గాజు బరువెక్కింది, చెక్కడానికి మెత్తబడింది, కాంతిని రంగులుగా విడదీసే గుణం హెచ్చింది. ఆ మాటకు వస్తే భిలాయిలో గాజుకు కొదువ లేదు. బ్లాస్ట్ ఫర్నేసు నుండి వచ్చే లోహమలాన్ని నీటితో ఒక్కసారిగా చల్లార్చినపుడు ఏర్పడే గుళికలు కూడా చాలావరకు గాజే. అవి షోకేసులోకి రావు, సిమెంటులోకి పోతాయి.

చేతనున్న వస్తువు చెక్కినదా, అచ్చులో పోసినదా అని తేల్చుకోవడానికి పెద్ద విద్య అక్కరలేదు. చెక్కిన అంచు వ్రేలికి పదునుగా తగులుతుంది. అచ్చు గాజు అంచులు మొద్దుబారి ఉంటాయి, ప్రక్కన సన్నని అతుకు గీత కూడా కనిపించవచ్చు. పలుచని పాత్ర అంచును గోటితో మీటితే సీసపు గాజు చాలాసేపు మ్రోగుతుంది. దళసరి కూజాకు ఈ పరీక్ష పనికిరాదు. అడుగుభాగాన్ని వెలుతురుకు పట్టి చూడాలి. ఏళ్ళ తరబడి బల్లపై కదిలిన వస్తువుకు నలుదిక్కులా చిన్న గీతలు పడతాయి. అన్నీ ఒకే వైపుకు ఉంటే ఎవరో పనిగట్టుకొని గీసినవని అనుమానించవలసిందే.

అలంకరణలో మనవారు చేసే పొరపాటు అన్నింటినీ ఒకే అరలో కిక్కిరిసి పెట్టడం. మూడు వస్తువులు, వెనుక ముదురు రంగు గుడ్డ, ప్రక్క నుండి దీపం, ఇంత చాలును. సంక్రాంతి బొమ్మల కొలువులో పై మెట్టున గాజుహంసను నిలిపితే కొండపల్లి బొమ్మలకేమీ కొరత రాదు. అయితే ఎండ నేరుగా పడే కిటికీ వద్ద గాజుగోళాన్నిగాని, నీరు నిండిన కూజానుగాని పెట్టరాదు. అది భూతద్దమై కర్టెనును అంటించగలదు. భిలాయి వేసవిలో ఈ హెచ్చరికను తేలికగా తీసుకోకూడదు.

ఇంకొక హెచ్చరిక ఇంతకంటె ముఖ్యమైనది. అందంగా ఉన్నదికదా అని సీసపు గాజుపాత్రలో ఊరగాయ, నిమ్మరసం, మద్యం నిలవ చేయరాదు. పులుపు సీసాన్ని క్రమంగా లాగుతుంది, అది విషం. చూడడానికే తప్ప వాడడానికి కాదని ఇంట్లో పిల్లలకు కూడా చెప్పాలి. కడిగేటప్పుడు తొట్టిలో తువాలు పరచి, గోరువెచ్చని నీటితో, ఒక్కొక్కటిగా కడగాలి. చన్నీటి నుండి వేడినీటికి మార్చితే గాజు చిట్లుతుంది. ఉప్పునీటి తెల్లమరకలను పలుచని వెనిగర్ పోగొడుతుంది. గాజే మసకబారితే మాత్రం చేయగలిగింది లేదు.

సేకరణ అనగానే తెలుగువారికి మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ గుర్తుకు వస్తాడు. 1949లో ఆయన మరణించిన తరువాత, 1951 డిసెంబరు 16న ప్రదర్శనశాల ప్రారంభమైంది. వెనిస్, బొహీమియా, ఫ్రాన్సు గాజును అక్కడ ఈనాటికీ చూడవచ్చు. ప్రదర్శనశాలలో వస్తువు ప్రక్కన చీటీ ఉంటుంది. ఇంటి షోకేసులో ఉండదు, అక్కడే వస్తుంది నష్టం. తెచ్చిన తాతగారు పోతే కథ కూడా పోతుంది. సోవియట్ వస్తువులపై అంటించిన కాగితపు చీటీలు కడుగుళ్ళలో ఏనాడో ఊడిపోయి ఉంటాయి. ఆ దేశమే 1991లో లేకుండా పోయింది.

అందుచేత దుర్గ్‌లో విశాఖ రైలెక్కడానికి ముందు ఒక సాయంత్రం దీనికి కేటాయించాలి. ప్రతి వస్తువును పాత నూలుచీర ముక్కలో చుట్టి, లోపలి ఖాళీలో మెత్తని గుడ్డను వదులుగా కూర్చి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క అట్టపెట్టె ఇవ్వాలి. ఎవరు తెచ్చారు, ఏ ఊరిలో, ఏ సంవత్సరంలో, ఎవరిచ్చారు అన్న నాలుగు ముక్కలను ఒక కాగితంపై వ్రాసి మూత లోపలి వైపున అంటించాలి. మూత తెరిచినవారికి వస్తువు కంటె ముందు ఆ కాగితమే కనిపిస్తుంది.