చూచిరాత దాటి సొంత వాక్యం దాకా

ప్రాథమిక బడిలో రాత మూడు రకాలు. బోర్డు మీదో పుస్తకంలోనో ఉన్నది దించితే చూచిరాత. టీచరు చెప్పింది విని రాస్తే ఉక్తలేఖనం. మనసులో ఉన్నది సొంత మాటల్లో పెడితే స్వీయరచన. మొదటి రెండింటికీ రోజూ సమయం దొరుకుతుంది. మూడోది పాఠం చివర అభ్యాసాల్లో ఒక ప్రశ్నగా మిగిలి, చాలాసార్లు బోర్డు మీది జవాబును దించడంతోనే ముగుస్తుంది. అందుకే ముత్యాల్లాంటి దస్తూరీ ఉన్న పిల్లలు కూడా సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే పెన్సిల్ కొరుకుతూ కూర్చుంటారు.

2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం, మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. చదవడానికి ఇలా లెక్క కట్టవచ్చు. సొంత రాతను మాత్రం నిమిషాల్లో కొలవలేం. ఒక్కో మెట్టూ ఎక్కించాల్సిందే.

వేళ్లకు ముందు పని

అయిదేళ్లలోపు పిల్లల వేళ్లు, మణికట్టు ఇంకా కుదురుకోవు. ఆ వయసులో గీతల కాపీ పుస్తకం ఇస్తే పెన్సిల్‌ను పిడికిలితో బిగించి పట్టే అలవాటు పడుతుంది. బంకమట్టితో బొమ్మలు చేయడం, చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం, పూలు గుచ్చడం, చుక్కలు కలిపి ముగ్గు వేయడం ఈ దశలో చేయించాల్సిన పనులు. మెలికల ముగ్గులో తిరిగే వంపులే తర్వాత తెలుగు అక్షరాల్లో ఎదురవుతాయి. పలక మీద బలపం కాస్త రాపిడిగా కదులుతుంది కాబట్టి చెయ్యి ఎటు పోతోందో వేళ్లకు తెలుస్తుంది. తప్పు పోయినా తుడిచేయవచ్చు, భయం ఉండదు. పెన్సిల్ చేతికిచ్చాక దాన్ని బొటనవేలు, చూపుడువేళ్లతో పట్టుకుని మధ్యవేలు ఆనించేలా చూస్తే చాలు.

ఆకారాన్ని బట్టి అక్షరం

అక్షరాల ఆకారాల సంగతికొస్తే, తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు దారిలో భట్టిప్రోలు వస్తుంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపంలో బయటపెట్టిన ధాతు కరండాల మీద క్రీస్తుకు పూర్వపు బ్రాహ్మీ లిపి ఉంది. అశోకుని శాసనాల్లో హల్లుకు ‘అ’కారం గుర్తు ఉండదు. భట్టిప్రోలు లిపిలో దానికీ ప్రత్యేకంగా ఓ గీత ఉంది. ఒక్క చిన్న గీతతో ధ్వని మారడమే తెలుగు నేర్చే పిల్లలకు ఈనాటికీ తొలి చిక్కు.

ఆ చిక్కు విప్పడానికి వర్ణమాల వరుసకన్నా ఆకారాల వరుస మేలు. ద నేర్చాక కింద చిన్న గీత పెడితే ధ, నడుమ చుక్క కూడా పెడితే థ అని చూపవచ్చు. వ, ప, మ, య లాంటి పోలికల అక్షరాలను పక్కపక్కన పెట్టి తేడా పిల్లల చేతే చెప్పించాలి. గుణింతాలన్నీ బట్టీ పట్టేదాకా పదాలు ఆపక్కర్లేదు. నాలుగైదు అక్షరాలు రాగానే వల, తల, పలక లాంటి మాటలు రాయించవచ్చు. వత్తులు మాత్రం నిదానంగా రావాలి: ముందు అమ్మ, అక్క లాంటి ద్విత్వాలు, ఆ తర్వాతే సంయుక్తాక్షరాలు.

పిల్లల నోట ఉన్న మాటే పాఠం

న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకు పాఠాలు చెప్పిన సిల్వియా ఆష్టన్ వార్నర్, రోజూ ఒక్కొక్కరినీ ‘నీకు ఏ మాట కావాలి?’ అని అడిగి, ఆ మాటను అట్ట మీద రాసి ఇచ్చేవారు. తమకు కావాల్సిన మాట కాబట్టి పిల్లలు మరిచిపోయేవారు కాదు. 1963లో వచ్చిన ‘టీచర్’ పుస్తకంలో ఆమె ఈ పద్ధతిని వివరించారు.

మన బడుల్లోనూ దీనికి ఖర్చేమీ లేదు. నిజాంపట్నం హార్బరు దగ్గరి పిల్లలకు పడవ, వల, రొయ్య, ఐసు. తెనాలి పిల్లలకు కాలువ, నిమ్మకాయల మార్కెట్. రేపల్లె పిల్లలకు రైలు, పెనుమూడి వంతెన రోజూ నోట్లో నలిగే మాటలే. వాటిని అట్టల మీద రాసి తరగతి గోడకు తగిలిస్తే, రాసేటప్పుడు పిల్లలు తలెత్తి చూసుకుంటారు.

మాట నుంచి వాక్యం

చిన్నపిల్లల రాత నోటిమాటతో మొదలై బొమ్మ మీదుగా కాగితం మీదికి వస్తుంది. రెండో తరగతి పిల్లాడు సముద్రం బొమ్మ గీసి, దాని కింద ‘నిన్న సూర్యలంక వెళ్లాం. బాగుంది’ అని రాశాడనుకుందాం. ‘ఇంకా రాయి’ అంటే వాడికి దారి దొరకదు. ‘ఎవరెవరు వెళ్లారు? నీళ్లలో దిగగానే ఏమైంది?’ అని అడిగితే నోరు విప్పుతాడు: ‘అల వచ్చి నా చెప్పు లాక్కుపోయింది. నాన్న పరిగెత్తాడు. దొరకలేదు.’ అప్పుడు టీచరు ‘ఇప్పుడన్నావే, అదే రాయి’ అంటే చాలు. ‘బాగుంది’లో ఇరుక్కున్న సంగతంతా మూడు వాక్యాలై బయటికొస్తుంది.

మూడో తరగతికి ముందు, తర్వాత, చివరికి అన్న మాటలతో సంగతులను వరుసలో పెట్టడం నేర్పవచ్చు. నాలుగు, అయిదు తరగతుల్లో అమ్మమ్మకు ఉత్తరం, కొట్టు సామాన్ల చీటీ, ఆట నియమాలు, బడి తోటలో మొక్క ఎదుగుదల లాంటివి రాయించవచ్చు. ఎవరి కోసం రాస్తున్నామో తెలిస్తే ఏం రాయాలో తోస్తుంది.

తప్పులు దిద్దే తీరు

‘అమ్మ’ను ‘అమ’ అని రాసిన పిల్లకు ధ్వని తెలుసు, వత్తు ఇంకా పట్టుబడలేదు. ‘ఎల్లాను’ అని రాసిన పిల్లాడు ఇంట్లో వినేదే రాశాడు. అది తప్పని కొట్టేయకుండా, పుస్తకాల్లో ‘వెళ్లాను’ అని ఉంటుందని పక్కన రాసి చూపితే సరిపోతుంది. పేజీ నిండా ఎర్రసిరా పడితే మర్నాటికి వాక్యాలు తగ్గిపోతాయి. తప్పు పోతామేమోనన్న భయంతో పిల్లలు వచ్చిన మాటలే రాస్తారు. అందుకే ముందు సంగతి గురించి మాట్లాడాలి, తర్వాత ఒక రకం తప్పును మాత్రమే ఎంచుకోవాలి: ఈ వారం వత్తులు, పైవారం దీర్ఘాలు. రాసింది పైకి చదివిస్తే సగం తప్పులు పిల్లలే పట్టుకుంటారు.

చదివేవాళ్లు ఉండాలి

1947 జులైలో మద్రాసులో ‘చందమామ’ను ప్రారంభించిన ఇద్దరిలో చక్రపాణిది తెనాలి. దానికి దాదాపు మూడు దశాబ్దాలు సంపాదక బాధ్యత చూసిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. ఆ పత్రిక రెండు ఫొటోలు వేసి, వాటికి జతగా అమరే చిన్న వ్యాఖ్యలు రాసి పంపమని పాఠకులకు పోటీ పెట్టేది. తరగతిలో ఇది మంచి ఆట. గట్టున పిల్లలు, నీటిలో పడవ ఉన్న బొమ్మలు చూపితే ‘గట్టున ఆట’, ‘కడలిలో వేట’ లాంటివి వస్తాయి. తక్కువ మాటల్లో ఎక్కువ చెప్పడం దీంతో అలవడుతుంది. పిల్లల రాతలతో గోడపత్రిక పెట్టినా, ఏకోపాధ్యాయ బడిలో అయిదో తరగతి వాళ్లు రాసిన కథను ఒకటో తరగతికి చదివి వినిపించినా రాసినదానికి పాఠకులు దొరుకుతారు.

ఇంట్లో చదువురాని తల్లిదండ్రులు కూడా సాయపడగలరు. రాసింది చదవమని అడిగి, విని, ‘తర్వాతేమైంది?’ అంటే చాలు. బడిలో నెలకో కాగితం తేదీ వేసి దాచి, జూన్ కాగితం పక్కన ఏప్రిల్ కాగితం పెట్టి చూస్తే వాక్యాలు ఎంత పెరిగాయో, సంగతులు ఎంత వివరంగా చెబుతున్నారో, ఏ తప్పులు పోయాయో టీచరుకూ పిల్లలకూ తెలుస్తుంది. మరుసటి ఏడాది ఏ మెట్టు నుంచి మొదలుపెట్టాలో నిర్ణయించడానికి ఆ కాగితాలే ఆధారం.