షా గారి విందు

ఇంట్లో పెళ్ళి జరిగితే ఎవరిని ఏ పంక్తిలో కూచోబెట్టాలా అని పెద్దలు తల పట్టుకుంటారు. వచ్చే చుట్టాలందరూ రాజులూ, రాష్ట్రపతులూ అయితే?

ఇరాన్ రాజు మహమ్మద్ రెజా షాకు 1971లో ఈ చిక్కే వచ్చింది. సైరస్ చక్రవర్తి పారశీక సామ్రాజ్యాన్ని స్థాపించి 2,500 ఏళ్ళయినందుకు ఆయన ఉత్సవం తలపెట్టాడు. విందు జరగవలసిన చోటు పెర్సెపొలిస్ శిథిలాల దగ్గిర. అది ఎండు నేల. అందుచేత అక్కడ నక్షత్రాకారంలో గుడారాల ఊరొకటి వెలిసింది. చెట్లు తెచ్చి నాటారు. పాములనూ, తేళ్ళనూ ఏరించారు.

వంటకు పారిస్ నుంచి మాక్సిమ్స్ భోజనశాల వాళ్ళు వచ్చారు. నెమలి మాంసం, చేపగుడ్లు కూరిన కౌజుపిట్ట గుడ్లు వడ్డించారు. షాకు చేపగుడ్లు పడవు, పాపం! ఆయనకు వేరే వంటకం చేశారు.

కూచునే వరస మాటేమిటి? ఒకే బల్లను పాములాగా మెలికలు తిప్పి వేశారు. దానికి మొదలేదో, చివరేదో చప్పున తెలియదు! అక్టోబరు 14 రాత్రి సుమారు 60 మంది పెద్దలు దాని చుట్టూ కూచున్నారు. అతిథులలో మన రాష్ట్రపతి వి. వి. గిరి గారు కూడా ఉన్నారు. ఇంగ్లండు రాణి మాత్రం తాను రాక, భర్తనూ, కుమార్తెనూ పంపింది. విందు అయిదున్నర గంటలు సాగింది.

ఇంత ఏర్పాటులోనూ మరిచిపోయినది ఇరాన్ ప్రజలను. పల్లెలలో పేదలు తిండికి కటకటలాడుతుంటే ఈ ఆర్భాటమేమిటని చాలామంది మండిపడ్డారు. ఖర్చెంతో ఒకరు చెప్పిన లెక్క మరొకరు చెప్పరు.

1979 జనవరిలో షా దేశం విడిచి వెళ్ళిపోయాడు. గుడారాల గుడ్డలు పోయి, ఇనపచట్రాలు మాత్రం ఆ తరవాత చాలా ఏళ్ళు అక్కడే నిలిచాయి.