కోడ్ ఎడిటర్ కొనే ముందు దాని లోపలి పని చూడండి

విశాఖ పూర్ణా మార్కెట్‌లోని ఒక టోకు కిరాణా కొట్టుకి వెబ్‌సైట్ కట్టాలనుకుందాం. ఎండుమిర్చి, చింతపండు, అనకాపల్లి బెల్లం... ఒక్కో సరుకుకీ రెండు ధరలు: బస్తా లెక్కన టోకు, కిలో లెక్కన చిల్లర. కోడ్ రాసేది రుషికొండ కంపెనీ ఉద్యోగి అయినా, సీతమ్మధారలో ఇంట్లోంచి పనిచేసుకునే ఫ్రీలాన్సర్ అయినా ముందు ఒకటి తేల్చుకోవాలి. మైక్రోసాఫ్ట్ 2015 నుంచి ఊరికే ఇస్తున్న వీఎస్ కోడ్ సరిపోతుందా, డబ్బు కట్టి వెబ్‌స్టార్మో సబ్‌లైమ్ టెక్స్టో కొనాలా? రంగులూ థీములూ చూస్తే ఇది తేలదు. ఎడిటర్ చేసే మూడు పనులు తెలిస్తే తేలుతుంది. అవి టెక్స్ట్‌ని పట్టి ఉంచడం, కోడ్‌ని అర్థం చేసుకోవడం, రాయబోయేది ఊహించడం.

పట్టి ఉంచడం

పెద్ద ఫైల్ మధ్యలో ఒక్క అక్షరం చేరిస్తే దాని వెనకున్న లక్షల అక్షరాలన్నీ పక్కకి జరగాలా? అక్కర్లేకుండా చేసే పీస్ టేబుల్ అనే ఉపాయాన్ని 1974లో జెరాక్స్ పార్క్ ప్రయోగశాలలో పుట్టిన బ్రావో ఎడిటర్ వాడింది. గుమాస్తా పాత చిట్టాలో కొట్టివేతలు లేకుండా, కొత్త పద్దులు వేరే పుస్తకంలో రాసి, ఎక్కడిది ఏ వరసలో చదవాలో ఒక సూచిక పెట్టుకున్నట్టన్నమాట. మూలం చెక్కుచెదరదు కాబట్టి అన్‌డూ కూడా తేలికే. వీఎస్ కోడ్ మొదట్లో ఒక్కో వరుసనూ విడిగా దాచేది. 1.37 కోట్ల వరుసలున్న 35 ఎంబీ ఫైల్ ఒకటి తెరిస్తే, ఆ వరుసల పట్టికే 600 ఎంబీ మెమొరీ మింగింది. 2018లో అదీ పీస్ టేబుల్ దారికే వచ్చింది.

అయినా వీఎస్ కోడ్ లోపల క్రోమియం బ్రౌజర్ ఒకటి నడుస్తూ ఉంటుంది. సబ్‌లైమ్ టెక్స్ట్‌ని సీ ప్లస్ ప్లస్‌లో రాశారు కాబట్టి అది చురుగ్గా కదులుతుంది. 2008 నుంచి దాన్ని కొంటున్నవాళ్లు ప్రధానంగా ఆ చురుకుదనానికే డబ్బు కడుతున్నారు. ర్యామ్ తక్కువున్న ల్యాప్‌టాప్ మీద తేడా వెంటనే తెలుస్తుంది.

మన కొట్టు చిరునామా దగ్గర మరో పరీక్ష ఎదురవుతుంది. ‘పూర్ణా’ మన కంటికి రెండు అక్షరాలు. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు: ప, దీర్ఘ ఊత్వం, ర, పొల్లు, ణ, దీర్ఘం. తెలుగు సంకేతం ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు కాబట్టి మొత్తం 18 బైట్లు. జావాస్క్రిప్ట్‌ని పొడవడిగితే 6 అంటుంది. కర్సర్ ఎక్కడ ఆగాలి, బ్యాక్‌స్పేస్ కొడితే ఎంత పోవాలి అన్నది ఒక్కో ఎడిటర్ ఒక్కోలా తేలుస్తుంది. పైగా కోడ్ ఎడిటర్లు అన్ని అక్షరాలకీ ఒకే వెడల్పు ఉంటుందన్న అంచనాతో పుట్టాయి. ఆ కొలతకి తెలుగు లొంగదు. కొట్టువాళ్లు ఇచ్చిన జాబితా డీటీపీ సెంటర్‌లో అను ఫాంటులో కొట్టించిందైతే ఏ ఖరీదైన ఎడిటరూ దాన్ని నేరుగా చదవలేదు. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాల్సిందే.

అర్థం చేసుకోవడం

టోకు లెక్క ఫంక్షన్‌లోనూ, చిల్లర లెక్క ఫంక్షన్‌లోనూ ‘ప్రైస్’ అనే పేరే వాడారనుకోండి. టోకుది ఒక్కటే మార్చాలి. మామూలుగా వెతికి మారిస్తే రెండూ మారిపోతాయి, కస్టమర్‌కి చూపించే వాక్యాల్లోని ‘ప్రైస్’ కూడా మారుతుంది. ఎడిటర్ కోడ్‌ని వ్యాకరణ వృక్షంగా విడగొట్టి, ఏ పేరు ఏ ఫంక్షన్‌కి చెందిందో పట్టుకుంటే ఆ ఒక్కటే మారుతుంది. జెట్‌బ్రెయిన్స్ సంస్థ 2010లో తెచ్చిన వెబ్‌స్టార్మ్ ప్రాజెక్టు మొత్తాన్నీ ఇలా ఇండెక్స్ చేసి పెట్టుకుంటుంది. దాని ధరలో పెద్ద వాటా ఈ తెలివిదే.

2016లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ ప్రకటించడంతో లెక్క మారింది. అంతకుముందు పది ఎడిటర్లకి పది భాషలు నేర్పాలంటే వంద జోడింపులు రాయాలి. అందరూ ఒకే పద్ధతిలో మాట్లాడుకుంటే ఇరవై చాలు. దాంతో ఒకప్పుడు కొనుక్కోవలసిన తెలివిలో చాలా భాగం ఇప్పుడు ఉచిత ఎడిటర్లలోనూ దొరుకుతోంది. వెబ్‌స్టార్మ్ లాంటివి అమ్ముతున్నది అన్నీ అమరి వచ్చే సౌకర్యాన్ని, పెద్ద ప్రాజెక్టులో తడబడని రీనేమ్‌ని. వీఎస్ కోడ్‌లో ఎక్స్‌టెన్షన్లు ఏరుకుని, ఒకదానితో ఒకటి పడేలా చూసుకోవడం మీ పని.

ఊహించడం

2022 జూన్‌లో, రాయబోయే కోడ్‌ని ఊహించి చూపే గిట్‌హబ్ కోపైలట్ నెలకి 10 డాలర్లకి అందరికీ వచ్చింది. 2023లో వచ్చిన ‘కర్సర్’ అనే ఎడిటర్‌ని వీఎస్ కోడ్ మూలం మీదే కట్టారు. ఇవి తర్వాతి వరుసను ఊహించాలంటే మీ కర్సర్ చుట్టూ ఉన్న కోడ్ దూరంగా ఉన్న సర్వర్‌కి వెళ్లాలి. కొట్టు ఖాతాదారుల ఫోన్ నంబర్లు టెస్ట్ ఫైల్‌లో ఉంటే అవీ వెళ్లవచ్చు. కాబట్టి ఇక్కడ ధర కంటే ముందు షరతులు చదవాలి.

లెక్క

సబ్‌లైమ్ టెక్స్ట్ వ్యక్తిగత లైసెన్స్ 99 డాలర్లు. మూడేళ్ల అప్‌డేట్లు వస్తాయి, ఆ తర్వాతా అప్పటి వెర్షన్ మీదే. వెబ్‌స్టార్మ్ చందా పద్ధతి. ఏడాది కట్టి ఆపేసినా ఒక పాత వెర్షన్ మీ దగ్గర ఉంటుంది. 2024 అక్టోబర్ నుంచి వ్యాపారేతర పనికి అది ఉచితమే గానీ, కొట్టు దగ్గర డబ్బు తీసుకుని చేసే సైట్ ఆ కోవలోకి రాదు. ‘ఊరికే వస్తోంది కదా’ అన్న ధీమా కూడా శాశ్వతం కాదు. గిట్‌హబ్ తన ఆటమ్ ఎడిటర్‌ని 2022 డిసెంబర్ 15న మూసేసింది. కోడ్ ఉత్త టెక్స్ట్ గనక ఎడిటర్ పోయినా రాసింది పోదు. పోయేది చేతికి అలవాటైన షార్ట్‌కట్లే.

మీ గంటకి 500 రూపాయలనుకుంటే, రోజుకి పది నిమిషాలు మిగిల్చే పనిముట్టు 22 పనిదినాల్లో సుమారు 1,830 రూపాయలు మిగులుస్తుంది. డాలరు మారకం, పన్ను కలిపిన నెల ఖర్చు అంతకంటే తక్కువైతే కొనడం లాభమే. ఆ పది నిమిషాలు నిజంగా మిగులుతాయో లేదో ట్రయల్‌లోనే చూసుకోవాలి. వెబ్‌స్టార్మ్ 30 రోజులిస్తుంది, సబ్‌లైమ్ గడువే పెట్టదు. నమూనా ఫైళ్లతో కాకుండా మీ సొంత ప్రాజెక్టుతో చూడండి. అతి పెద్ద ఫైల్ తెరవండి, రెండు చోట్ల ఉన్న పేరుని ఒక చోటే మార్చండి, తెలుగు వాక్యంలో కర్సర్ నడపండి, నెట్ ఆపేసి పనిచేయండి. ఏ పనిలో ఎంత సమయం కలిసొచ్చిందో చెప్పగలిగితే కొనండి. చెప్పలేకపోతే ఆ డబ్బు ల్యాప్‌టాప్ ర్యామ్ పెంచడానికి పెట్టండి.