‘రేపు’ అనే అలవాటు – దానిని జయించే మార్గం

మనిషి అలవాట్లకు దాసుడని పెద్దలంటారు. ఈ మాట సగమే నిజం. అలవాటును చేసుకొనేవాడు మనిషే గనుక దానిని మార్చుకొనగలవాడూ మనిషే. విద్యార్థి దశలో మన లక్ష్యాలకు అడ్డు నిలిచే అలవాట్లు అనేకం ఉన్నవి. వానిలో పైకి సాధువుగా కనిపించి లోలోపల ఎక్కువ నష్టం కలిగించేది, పనిని రేపటికి వాయిదా వేసే అలవాటు. దానిని గూర్చి, మా స్వానుభవాన్ని కూడ జోడించి, నాలుగు మాటలు మనవి చేయదలచాము.

మన పల్లెలలో ఒకప్పుడు ఇళ్ళ తలుపుల మీద, గోడల మీద ‘ఓ స్త్రీ! రేపు రా’ అని వ్రాసేవారు. రాత్రివేళ వచ్చిన దయ్యం అది చదివి వెనుదిరుగుతుందని, మరునాడు వచ్చి మళ్ళీ అదే చదువుతుందని జనుల నమ్మకం. ఆ దయ్యానికి ‘రేపు’ ఏనాటికీ రాదు. దానిని తలచుకొని నవ్వుకొనే మనమే, మన పాఠ్యపుస్తకాల అట్టల మీద కనిపించని అక్షరాలతో అదే మాట వ్రాసుకొన్నాము. దయ్యానికి బదులు మన చదువు వచ్చి, తలుపు తట్టి, తిరిగి పోతున్నది.

ఈ సంచికనే చూడండి. ఎడమ నుండి తెరిస్తే తెలుగు, కుడి నుండి తెరిస్తే ఉర్దూ. మొదటి సంవత్సరంలో ఈ పత్రిక చేతికందిన నాడు, రెండవ సగాన్ని కూడ చదవగలగాలని మేము సంకల్పించుకొన్నాము. పక్క బెంచీ మిత్రుడు తన చిన్ననాటి ఖాయిదాను తెచ్చియిచ్చి, అక్షరాలు నేర్పుతానన్నాడు. ‘పరీక్షలు కానీ’, ‘సెలవులు రానీ’ అంటూ మేము కాలం గడిపాము. రెండవ సంవత్సరం చివర అతడు తండ్రిగారి దుకాణం చూసుకొనవలసి వచ్చి చదువు మానివేశాడు. గత సంచికలో అతని వ్యాసం అచ్చయింది. దాని శీర్షికను సైతం మరొకరి చేత చదివించుకొనవలసి వచ్చినందుకు మేము సిగ్గుపడ్డాము. ఉర్దూలో ‘కల్’ అంటే రేపు అనీ అర్థం, నిన్న అనీ అర్థం. మా ‘రేపు’ మాకు తెలియకుండానే ‘నిన్న’గా మారిపోయింది.

ఇట్లు ఎందుకు జరుగుతుంది? సోమరితనం ఒక్కటే దీనికి కారణం కాదు. కష్టమైన పాఠం తెరవగానే మనస్సులో ఒక బెదురు పుడుతుంది. పుస్తకం మూసి సెల్‌ఫోన్ చేతిలోకి తీసుకొంటే ఆ బెదురు తక్షణమే తగ్గుతుంది. ఆ ఉపశమనమే మనస్సుకు బహుమానం. చదువు ఫలితం నెలల తరువాత వస్తుంది. వాయిదా ఫలితం ఆ నిమిషంలోనే దక్కుతుంది. అందుచేత మనస్సు రెండవ దారికే అలవాటుపడుతుంది. తరువాత మనలను మనం ఎంత నిందించుకొన్నా బెదురు పెరుగుతుందే గాని పని సాగదు.

మరి మార్గమేమి? అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్ 1890లో ప్రచురించిన మనశ్శాస్త్ర గ్రంథంలో, కొత్త అలవాటును గట్టి పూనికతో ఆరంభించాలని, అది వేరూనే వరకు ఒక్క మినహాయింపునైనా ఇవ్వరాదని బోధించాడు. మొదటి సలహా నేటికీ శిరోధార్యమే. రెండవ దానిని మాత్రం తరువాతి పరిశోధన కొంత సడలించింది. లండన్‌లో 96 మందిని 12 వారాలపాటు గమనించి 2010లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, ఒక అలవాటు కుదురుకొనడానికి కొందరికి 18 రోజులు చాలునని, కొందరికి 254 రోజులు కూడ పట్టవచ్చునని లెక్క తేలింది. మధ్యస్థంగా 66 రోజులు. ఒకనాడు తప్పినంత మాత్రాన అంతవరకు చేసిన కృషి వ్యర్థం కాదని కూడ అందులో తేలింది. వారం రోజులకే ‘ఇది మా వల్ల కాదు’ అని విరమించే ఆరంభశూరులకు ఇది ఎంతో ఊరటనిచ్చే మాట.

జర్మనీలో జరిగిన మరొక ప్రయోగాన్ని 1997లో ప్రకటించారు. క్రిస్మస్ ముందు రాత్రిని ఎట్లు గడిపారో రెండు రోజులలో వ్రాసి పంపవలసిందిగా విద్యార్థులను కోరారు. ఎప్పుడు, ఎక్కడ కూర్చొని వ్రాస్తారో ముందుగా నిర్ణయించుకొన్నవారిలో మూడింట రెండు వంతుల కన్న ఎక్కువమంది గడువులోగా పంపారు. ‘వ్రాస్తాము’ అని మాత్రమే అనుకొన్నవారిలో పంపినవారు మూడింట ఒక వంతు. సంకల్పం ఇద్దరికీ ఉన్నది. వేళ, చోటు ఒకరికే ఉన్నవి. భేదమంతా అక్కడే.

ఈ సంగతి గ్రహించి, ఈ ఏడాది మేము పెద్ద ప్రతిజ్ఞలు మానుకొన్నాము. మొదటి గంట కొట్టడానికి పది నిమిషాల ముందు, వరండా మెట్ల మీద, రోజుకొక అక్షరం – ఇదే మా నియమం. ఉర్దూ అక్షరాలు చాలవరకు పదం మొదట, నడుమ, చివర వేర్వేరు రూపాలు ధరిస్తాయి. వానిని నోటుపుస్తకంలో దిద్దుకొన్నాము. కొన్ని రోజులు తప్పాయి. ఒకనాడు తప్పితే రెండవనాడు తప్పనీయరాదని మాత్రం పట్టుబట్టాము. ఒక సాయంత్రం మిత్రుని వ్యాసం శీర్షికను కూడబలుక్కొని మేమే చదివాము. వ్యాసమంతా ఇంకా చదవలేదు. కాని అతని దుకాణానికి వెళ్ళి, ఆ మొదటి వాక్యాలను తప్పులతోనే చదివి వినిపించి వచ్చాము. ఖాయిదా తిరిగి ఇవ్వబోతే, పూర్తయ్యే వరకు ఉంచుకొమ్మన్నాడు.

విద్యార్థి మిత్రులారా! ఈ పద్ధతి గణితానికీ, ఆంగ్లానికీ వర్తిస్తుంది. పని చిన్నదిగా ఉండాలి. వేళ, చోటు స్థిరంగా ఉండాలి. ఆ కాసేపు సెల్‌ఫోన్ చేతికి అందని దూరాన ఉండాలి. అయితే తెల్లవారి పాలు వేసి, సాయంత్రం కొట్టులో కూర్చొనే సోదరులకు, ఇంటి పని ముగించుకొని వచ్చే సోదరీమణులకు స్థిరమైన చోటే కరువు. వారిని సోమరులనడం న్యాయం కాదు. కావున కమిటీ పెద్దలకు మా విన్నపం: పఠన మందిరాన్ని మొదటి గంటకు అరగంట ముందే తెరిపించండి. ఖర్చు స్వల్పం, ఎందరికో ఒక మంచి అలవాటుకు చోటు దొరుకుతుంది.

తలుపు మీది వ్రాతను మనమే తుడిచివేయాలి. అక్కడ ‘నేడు’ అని వ్రాయనక్కరలేదు. వేళ వ్రాసుకొంటే చాలు.