ఆకాశాన్ని ప్రేమించిన భోపాల్ యువరాణి

భోపాల్ సంస్థానం దాదాపు శతాబ్దకాలం నలుగురు బేగముల పాలనలో ఉంది. వారిలో చివరివారైన సుల్తాన్ జహాన్ బేగమ్ 1920లో అలీగఢ్ ముస్లిమ్ విశ్వవిద్యాలయానికి తొలి కులపతి అయ్యారు. 1913 ఆగస్టు 28న జన్మించిన మనుమరాలు ఆబిదా సుల్తాన్‌ను ఆ నానమ్మే తన దగ్గర ఉంచుకొని పెంచారు. ఆమె పెంపకంలో ఉపేక్ష లేదు. తెల్లవారకముందే నిద్రలేవాలి, దివ్య ఖుర్‌ఆన్ పారాయణం చేయాలి. గుర్రపుస్వారీ, గురి చూసి కాల్చడం కూడా నేర్చుకోవాలి.

ఆ బాలికకు గుర్రం తరువాత ప్రీతి కలిగించినవి మోటారు కార్లు. చిన్న వయసులోనే వాటిని నడపడం నేర్చుకున్నారు. ఆ తరువాత ఆమె చూపు ఆకాశం మీదికి మళ్ళింది. భారత ముస్లిమ్ స్త్రీలలో విమానం నడిపినవారిని వేళ్ళమీద లెక్కించగల రోజులవి. 1942లో ఆమె విమాన చోదకురాలిగా లైసెన్సు పొందారు. 1949లో అఖిల భారత మహిళల స్క్వాష్ విజేతగా నిలిచారు.

ఇదంతా రాచబిడ్డ సరదా అని కొట్టివేయడం సులభం. కాని 1935లో జరిగిన ఒక సంఘటన వేరే సంగతి చెబుతుంది. కుర్వాయి నవాబుతో ఆమె దాంపత్యం అప్పటికే విచ్ఛిన్నమైంది. ఏకైక కుమారుణ్ణి తనకు అప్పగించాలని భర్త పట్టుబట్టారు. ఒకనాటి రాత్రి ఆబిదా తానే కారు నడుపుకుంటూ కుర్వాయి చేరి, భర్తను ముఖాముఖి నిలదీశారు. బిడ్డ తల్లి దగ్గరే పెరిగాడు. ఆ రాత్రి ఆమెకు కారు విలాసం కాదు, ఆసరా. స్టీరింగు పట్టడం తెలియని స్త్రీ అయితే, ఆ వేళ ఎవరి దయ కోసమో ఎదురుచూడవలసి వచ్చేది.

1950లో ఆమె కుమారునితో కరాచీకి తరలివెళ్ళారు. కొంతకాలం బ్రెజిల్‌లో పాకిస్తాన్ రాయబారిగా పనిచేశారు. 2002లో కన్నుమూశారు. కుమారుడు షహర్యార్ ఖాన్ ఆ దేశ విదేశాంగ కార్యదర్శి అయ్యారు.

వాహనాలంటే మగవారి వ్యవహారమని మన ఇళ్ళలో ఒక భావన పాతుకుపోయింది. దీనికి ధర్మంలో ఆధారం వెదికితే దొరకదు. ఒంటెలపై స్వారీ చేసే ఖురైష్ స్త్రీలను దైవప్రవక్త (స) ప్రశంసించారనీ, పిల్లలపట్ల వారి వాత్సల్యాన్ని మెచ్చుకున్నారనీ బుఖారీ హదీసులో ఉంది. స్వారీ చేయగల నేర్పు, తల్లి మమత ఒకే ప్రశంసలో చోటుచేసుకున్నాయి. సూరా నహ్ల్‌లో స్వారీ జంతువుల ప్రస్తావన వచ్చిన చోటనే, మానవులు ఎరుగని వాటిని కూడా అల్లాహ్ సృష్టిస్తాడన్న మాట ఉంది. నేటి వాహనాలు కూడా ఆ మాట పరిధిలోకి వస్తాయని వ్యాఖ్యాతలు వివరించారు. వాహనమెక్కినప్పుడు ప్రభువు అనుగ్రహాన్ని స్మరించాలని సూరా జుఖ్రుఫ్ నేర్పుతుంది. ఆ దుఆ డ్రైవరు సీటులో కూర్చున్నవారికీ, వెనుక సీటులో ఉన్నవారికీ ఒకటే.

ఆబిదాకు రాజభవనం ఉంది, నానమ్మ అండ ఉంది. అవి లేని ఇంటి బిడ్డ సంగతేమిటి? మన హైదరాబాద్ పాతబస్తీలో బేకరీ కార్మికుని కుమార్తె సయ్యదా సల్వా ఫాతిమా దీనికి సమాధానం. చిన్ననాటి నుంచి విమానాలంటే ఆమెకు ఇష్టం. విమానయాన శిక్షణ ఖర్చు లక్షలలో ఉంటుంది, ఆ తండ్రి సంపాదన దానికి చాలదు. ఒక ఉర్దూ దినపత్రిక సంపాదకుడు ఆమెకు చేయూతనిచ్చారు. తరువాతి దశలో తెలంగాణ ప్రభుత్వం ఆర్థిక సహాయం అందించింది. హిజాబ్ వీడకుండానే ఆమె కమర్షియల్ పైలట్ లైసెన్సు సాధించారు.

ఆబిదాకు వంశం ఇచ్చిన ఆసరాను సల్వాకు సమాజం ఇచ్చింది. ఆసక్తి అల్లాహ్ ఏ ఇంట్లోనైనా, ఏ బిడ్డకైనా ప్రసాదిస్తాడు. అది ఒక అమానతు. దాన్ని కాపాడవలసిన బాధ్యత మొదట తల్లిదండ్రులది. వారి శక్తి చాలనిచోట బాధ్యత మనందరిదీ. ఇంజను ఎలా పనిచేస్తుందని మీ అమ్మాయి అడిగితే, "నీకెందుకమ్మా?" అనకండి. బానెట్ ఎత్తి చూపించండి.